తడి చేతులు

బాత్రూమ్ గుమ్మం ముందు పాత తువ్వాలు పరచడంతో ఆమె రోజు మొదలవుతుంది. కుళాయి మొదట్లోంచి సన్నగా కారే నీరు రాత్రంతా గచ్చు మీద పాకి, తెల్లారేసరికి గుమ్మం దాటి హాల్లోకి వస్తుంది. తువ్వాలు పరిచి, కాలితో తొక్కి, పిండి, మళ్ళీ పరుస్తుంది. ఆ కుళాయి బాగుచేయించమని భర్తకు చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకు గుర్తు లేదు. చెప్పడం ఎప్పుడు మానేసిందో మాత్రం బాగా గుర్తుంది. అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న రోజు.

ఆ రోజు హాస్పిటల్ వరండాలో, తోడికోడలూ ఆడపడుచూ వింటుండగా, అతను అన్నాడు: "ఇంట్లో నువ్వుండి ఏం లాభం? ఆ మాత్రం చూసుకోలేవా?"

ఆమె స్ట్రెచర్ మీదున్న అత్తగారి వైపు చూసింది. కుళాయి గురించి తను అడిగిన ప్రతిసారీ ఆవిడ పక్క గదిలో మంచం మీదే ఉంది. "వాడికి తీరికెక్కడిదే, నువ్వే ఎవరినైనా పిలవరాదూ" అని సలహా కూడా ఇచ్చింది. పిలిస్తే, "నన్నడక్కుండా ఇంట్లోకి ఎవరిని పడితే వాళ్ళని రానిస్తావా" అని కొడుకు కేకలేయడం కూడా విన్నది. ఇప్పుడు ఆవిడ ఒక్క మాటంటే చాలు. ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్ర కాదు, మగత కాదు. రెప్పలు అదురుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆమే ఆవిడకు స్నానం చేయించింది, తల దువ్వింది, పక్క మార్చింది, చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎక్కడా విసురు లేదు. కానీ ఆ రెప్పల్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. తన చేతులు అంత మెత్తగా ఎలా పనిచేస్తున్నాయో ఆమెకే ఆశ్చర్యం. కోపం చేతుల దాకా రావడం నేర్చుకోలేదేమో అనుకునేది.

ఆమె పనిచేసేది ఒక చిన్న సేవాసంస్థలో. ఇళ్ళ నుంచి పాత బట్టలు పోగుచేసి, ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి, లేనివాళ్ళకిస్తారు. ముందు గదిలో ఆఫీసు, వెనక పొడుగాటి హాలు నిండా బట్టల మూటలు, ఆ వెనక వరండాలో ఉతుకుడు. ఉత్తరాలు, లెక్కలు, ఫోను ఆమెవి. ఎవరూ చెప్పకపోయినా టీ కూడా ఆమెదే. పనిచేసే చోట భద్రత చూసుకోవడానికి ఒక మనిషి ఉండి తీరాలని పైనుంచి మాట వచ్చినప్పుడు కమిటీలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అధ్యక్షుడుగారు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, చిరునవ్వు నవ్వి తేల్చేశారు: "జాగ్రత్త ఆడవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. మన అమ్మాయే చూసుకుంటుంది." చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆమె చేతిలోని ట్రే మీద కప్పులు చిన్నగా కదిలాయి.

ఒక బోర్డు తయారైంది. "భద్రతా బాధ్యురాలు" అని పెద్ద అక్షరాలు, కింద ఆమె ఫోటో. వార్షికోత్సవం నాడు టీలు అందిస్తుండగా ఎవరో తీసిన ఫోటో అది. ట్రే కనబడకుండా కత్తిరించారు. అందుకని బోర్డు మీద ఆమె మోచేతులు మడిచి, దేన్నో మోస్తున్నట్టుగా ఉంటుంది. ఏం మోస్తోందో కనబడదు.

ఆమె ఆ పనిని నిజమనుకుంది. అదొక్కటే ఎవరూ ఊహించనిది. వెనక తలుపుకు అడ్డంగా ఉన్న మూటల్ని జరిపించింది. మర్నాటికి మళ్ళీ అక్కడే ఉన్నాయి. ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఎర్ర సిలిండరు, మంటలార్పేది, తీసి గోడకు తగిలించి, దాని చోట ఇటుక పెట్టింది. ఇటుక అసహ్యంగా ఉందని కార్యదర్శి సిలిండరును మళ్ళీ తలుపుకే తెచ్చి పెట్టాడు. కుర్రతనం వదలని మనిషి అతను, నవ్వకుండా ఏదీ చెప్పలేడు. ఆమెకు పేరు కూడా పెట్టాడు. "అదిగో, జాగ్రత్తమ్మగారొస్తున్నారు. ఎవరూ గట్టిగా తుమ్మకండి, ఒప్పుకోరు." ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు ఎక్కడ పుట్టేదో ఆలోచిస్తే, ఇంట్లో భర్త స్నేహితుల ముందు "మా ఆవిడకి ప్రతిదానికీ భయమే" అన్నప్పుడు పుట్టే చోటే అనిపించేది.

ఆ సంస్థలో ఒక ఆచారముంది. ఎవరిచ్చిన వస్తువునీ పారెయ్యకూడదు. ఇచ్చినవాళ్ళు ఎప్పుడొచ్చినా తమ వస్తువు వాడుకలో కనబడాలి. అందుకే నడిచే గడియారం పక్కనే నడవని గడియారం కూడా గోడకుంది. కుంటి కుర్చీ మీద ఎవరూ కూర్చోరు, దాన్నిచ్చిన కమిటీ మెంబరు డాక్టరుగారొచ్చినప్పుడు మాత్రం కార్యదర్శి ఊపిరి బిగబట్టి దాని అంచున కూర్చుంటాడు. ఇస్త్రీ పెట్టె అధ్యక్షుడిగారి భార్య ఇచ్చింది. వాళ్ళింట్లో కొత్తది కొనుక్కున్నాక ఇచ్చింది. దాని మెడ దగ్గర వైరు తొక్క ఊడి, నల్ల టేపు చుట్టి ఉంది.

"చెల్లెమ్మా, ఇది కరుస్తోంది" అంది ఇస్త్రీ అక్క ఒకరోజు, వేళ్ళు విదిలించుకుంటూ. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి ఇస్త్రీ చేసే మనిషి. ఆ చేతుల మీదే ఆవిడ ఇల్లు గడుస్తుంది. "మా ఆయన తర్వాత నన్నింత జివ్వుమనిపించింది ఇదే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే ఆమె ప్లగ్గు పీకేసి, పెట్టెను గుడ్డలో చుట్టి, "వాడకూడదు" అని అట్టముక్క కట్టి, బీరువా పై అరలో పెట్టింది. కార్యదర్శిని పిలిచి చూపించింది. "చిత్తం జాగ్రత్తమ్మగారూ, మీ ఆజ్ఞ" అని అతను వంగి దండం పెట్టాడు.

అత్తగారిని పరీక్షలకు తీసుకెళ్ళడానికి ఆమె సెలవు పెట్టిన రోజున, అధ్యక్షుడిగారి భార్య వస్తున్నట్టు కబురొచ్చింది. కార్యదర్శి బీరువా తెరిచాడు. అట్టముక్క విప్పాడు. ఇస్త్రీ అక్క వద్దంది. "మేడం చూసి వెళ్ళేదాకే అక్కా. చేతికి గుడ్డ చుట్టుకో" అన్నాడు. మేడం హాల్లో అడుగుపెట్టి, తన పెట్టెను గుర్తుపట్టి, సంతోషంగా ఏదో అనబోతుండగా ఇస్త్రీ అక్క వెనక్కి విసిరేసినట్టు పడింది. కుడి మణికట్టు విరిగింది. అరచేయి కాలింది.

రెండు రోజుల తర్వాత అధ్యక్షుడుగారు ఆమెను కూర్చోమన్నారు. అంతకు ముందెప్పుడూ కూర్చోమనలేదు.

"రేపు కమిటీ ఉందమ్మా. నువ్వు రెండు ముక్కలు చెప్పాలి. ఆవిడ తడి చేతులతో పట్టుకుందని."

"ఆ రోజు నేను లేను కదండీ."

"లేకపోతేనేం. పక్కనే ఉతికే వరండా. చేతులు తడిగా కాక ఎలా ఉంటాయి?" అన్నాడు కార్యదర్శి. ఈసారి అతను నవ్వలేదు.

"ఆవిడ తప్పయితే వైద్యం, జీతం అన్న ప్రశ్న రాదు. పాపం, మంచి చీరలు నాలుగు చూసి, ఇచ్చి పంపుదాం" అన్నారు అధ్యక్షుడుగారు. "లేదంటావా, అప్పుడు ఎవరిని అడగాలి? బోర్డు మీద ఫోటో ఎవరిదమ్మా?"

ఆయన గొంతులో బెదిరింపు లేదు. పిల్లలకు లెక్క చెప్పేటప్పటి ఓర్పుంది. అదే ఆమెను ఎక్కువ మండించింది. బీరువా తాళం తన చేతికివ్వలేదు. ఒక ప్లగ్గు మార్పించాలన్నా కార్యదర్శి ఊ అనాలి. చెప్పే హక్కు లేదు, ఆపే హక్కు లేదు, మాట పడే హక్కు మాత్రం ఫోటో పెట్టి మరీ ఇచ్చారు. ఇంట్లో ఫోటో కూడా అక్కర్లేకపోయింది, అంతే తేడా.

సాయంత్రం భర్తకు చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అతను ఒక్కసారి తన వైపు నిలబడతాడేమోనన్న ఆశ, ఎంత తోమినా వదలని మరకలా, ఎక్కడో మిగిలే ఉంది.

"దీనికింత ఆలోచనెందుకు? తడి చేతులని చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. "ఆవిడేమైనా నీ చుట్టమా? ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంట్లో కూర్చుంటావా? ఊళ్ళో వాళ్ళ బాగోగులన్నీ కావాలి నీకు. ఇంట్లో మా అమ్మను మాత్రం పడేశావు."

పడేశావు. ఎంత సునాయాసంగా అన్నాడు. పక్క గదిలో అత్తగారు దగ్గింది. దగ్గి ఊరుకుంది.

పడుకున్నాక ఆమె మనసు తన పని తాను చేసుకుపోయింది. ఇస్త్రీ అక్క గట్టి మనిషి. మొగుడు పోయినప్పుడు తట్టుకుంది, కూతురు కాన్పుకు ఒంటిచేత్తో పురుడు పోసింది. ఇంకోచోట పని దొరుకుతుంది. తనైనా అప్పుడప్పుడూ వెళ్ళి ఏదో ఇచ్చి రావచ్చు. నిజంగానే చేతులు తడిగా ఉన్నాయేమో, ఎవరికి తెలుసు? ఒక్కో ఆలోచనా ఎంతో మర్యాదగా, మెత్తగా వచ్చి పక్కన కూర్చుంది. తెల్లారేసరికి ఆమె దాదాపు ఒప్పుకుంది.

పొద్దున అత్తగారికి స్నానం చేయిస్తోంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. వీపు రుద్దుతున్న చేతులు ఉన్నట్టుండి ఆగాయి.

"అత్తయ్యా. ఆ రోజు హాస్పిటల్లో మీరెందుకు మాట్లాడలేదు?"

ఏ రోజని ఆవిడ అడగలేదు.

"వాడింట్లో ఉంటున్నానే" అంది. "వాణ్ణి నలుగుర్లో తక్కువ చేస్తే నాకు తర్వాత ఎలా గడుస్తుంది? నువ్వయితే ఎలాగూ ఓర్చుకుంటావు. ఓర్చుకునే మనిషివని నాకు తెలుసు."

ఆమె చెంబెత్తి ఆవిడ వీపు మీద నీళ్ళు పోసింది. తుడిచింది. చీర కట్టింది. తడి తువ్వాలును విసురుగా పిండింది. కోపం ఎట్టకేలకు చేతుల దాకా వచ్చింది. అయితే అది అత్తగారి మీద కాదు. రాత్రి తను ఇస్త్రీ అక్క గురించి అనుకున్నవన్నీ ఈ ముసలి గొంతులో, ఇవే మాటల్లో, ఎదురుగా వినబడ్డాయి. ఎలాగూ ఓర్చుకుంటుంది. ఈ ఇల్లూ ఆ ఆఫీసూ నడిచేది దీని మీదే. ఓర్చుకునే ఆడది ఒకతి కావాలి. ఆవిడ పక్కనే, అంతా తెలిసి కళ్ళు మూసుకునే ఆడది ఇంకొకతి కావాలి. మొదటిదాని మీద పని, రెండోదాని మీద సాక్ష్యం పెట్టి, మగవాళ్ళు తీరిగ్గా చేతులు తుడుచుకుంటారు. ఇన్నాళ్ళూ తను మొదటిదాన్నని మాత్రమే అనుకుంది. నిన్న రాత్రి తన రెప్పలు కూడా అదిరే ఉంటాయి.

ఆఫీసుకు తయారై వచ్చి, "వెళ్ళొస్తానత్తయ్యా" అంది. "కుళాయి వాడికి ఫోన్ చేశాను. పదింటికొస్తాడు. మీ అబ్బాయి అడిగితే నేనే పిలిచానని చెప్పండి. మీరు చెప్పాలి."

కమిటీ మధ్యాహ్నం కూర్చుంది. ఇస్త్రీ అక్కను కూడా రమ్మన్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక మూట మీద ఒదిగి కూర్చుంది. "నిన్న చీరలు ఏరుకోమన్నారు చెల్లెమ్మా" అంది మెల్లిగా. "ఇస్త్రీ చేసి పెట్టినవే. నేను చేసినవే."

"ముందు టీ పట్టుకురామ్మా. తర్వాత నీ మాట చెబుదువుగాని" అన్నారు అధ్యక్షుడుగారు.

ఆమె లోపలికి వెళ్ళింది. ట్రే తీసింది. కాసేపటికి మోచేతులు మడిచి, బోర్డు మీద ఫోటోలో ఉన్నట్టే, గదిలోకి వచ్చింది. ఎవరూ తలెత్తలేదు. టీ తెచ్చే మనిషిని చూడాల్సిన అవసరం ఎప్పుడూ ఎవరికీ రాలేదు. ట్రేను బల్ల మధ్యలో పెట్టాక గానీ కప్పుల చప్పుడు రాలేదని వాళ్ళకు తెలియలేదు.

ట్రే మీద ఇస్త్రీ పెట్టె ఉంది. పక్కనే బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర.

"ఇదేంటమ్మా?"

"మేడంగారిచ్చిన పెట్టెండి. ఇది కరుస్తోందని అక్క నాకు చెప్పింది. నేను గుడ్డలో చుట్టి, వాడకూడదని రాసి, బీరువాలో పెట్టి కార్యదర్శిగారికి చూపించాను. ఆయన తీసి అక్క చేతికిచ్చారు. నేను చెప్పాల్సింది ఇదే. ఎవరడిగినా, ఎక్కడడిగినా ఇదే చెబుతాను."

"జాగ్రత్తమ్మగారూ, ఇప్పుడివన్నీ..." అన్నాడు కార్యదర్శి.

"తడి చేతుల వల్లేనంటున్నారు కదా. అయితే పెట్టె మంచిదే అన్నమాట." ఆమె వైరు చివర ప్లగ్గును గోడ సాకెట్టు దాకా లాగింది, పెట్టలేదు. కిందనే వదిలింది. "పొడి చేతులవాళ్ళెవరైనా ఒకసారి పెట్టి, పట్టుకుని చూపించండి. ఆ వెంటనే మీరు చెప్పమన్నది చెప్పేస్తాను."

ఫ్యాను తిరుగుతోంది. అధ్యక్షుడుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కార్యదర్శి చేతులు బల్ల మీద నుంచి ఒళ్ళోకి జారాయి. డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ గదిలో ఎవరి చేతులూ తడిగా లేవు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

వెనక మూట మీంచి ఇస్త్రీ అక్క లేచి నిలబడిన అలికిడి వినబడింది. ఆమె కత్తెర తీసుకుని, టేపు చుట్టిన చోట వైరుకు ఆనించింది.