రెండక్షరాల పొరపాటు

టీకాలు వేసే గది బయట బల్ల మీద కూర్చుంటే చాలు, అడగకుండానే సలహాలొచ్చి ఒళ్ళో పడతాయి. పాలు పట్టాక భుజాన వేసుకో. బొడ్డు తడి కానివ్వకు. బిడ్డ పడుకున్నప్పుడే నువ్వూ పడుకో. ఈ చివరిది చెప్పేవాళ్ళ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారో నాకర్థం కాదు. అయినా అన్నిటికీ తల ఊపుతాను. బాలింతల మధ్య తల ఊపేవాళ్ళని ఎవరూ ఇంకేమీ అడగరు.

ఆ రోజు మాత్రం పక్కన కూర్చున్న టీచరమ్మ అడిగింది. కూతురి బుగ్గలు ముద్దాడుతూ, "దీన్ని చూస్తుంటే నాకు ఆకలి కూడా తెలియదనుకో! నీకూ అంతేనా?" అంది.

నాకేమీ తెలియడం లేదు. బిడ్డను కనగానే ప్రేమ దానంతటదే పొంగుకొస్తుందన్నారు. పాలు పొంగాయి గానీ ప్రేమ జాడ లేదు. నేను బట్టలు కుట్టే మనిషిని. మిషను ముందు కూర్చున్నట్టే బిడ్డ పనులూ చేసుకుపోతున్నాను. ఈ సంగతి బయటపడితే బిడ్డను నా దగ్గర ఉంచరని భయం. ఆ భయం కూడా పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టే ఉంది.

"ఆ, అంతే," అన్నాను. "కాకపోతే ఒకటే ఏడుపు. ఎంత ఎత్తుకున్నా అది ఊరుకోదు."

"ఆడపిల్లలింతేలే. పాపకేం పేరు పెట్టారు?"

"పాప కాదు, బాబు."

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. కూతురిని అది అంటాం, పిల్లిని అది అంటాం, కుర్చీనీ అంటాం. కొడుకుని ఎవరంటారు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా!

"నిద్ర చాలట్లేదు పాపం," అని టీచరమ్మ సర్దేసి పక్కకు తిరిగింది.

కవలలమ్మ మాత్రం తిరగలేదు. కవలలను కన్నందుకు ఆమెకు మేం పెట్టిన పేరది. ఇద్దరు మగపిల్లలూ పిల్లల తోపుడుబండిలో నిద్రపోతున్నారు.

"నేను వీళ్ళని 'అవి' అనేదాన్ని," అంది మెల్లగా. "అవి లేచాయి, అవి తాగాయి అని. మేకల్ని పెంచుతున్నావా అని మా ఆయన ఒకటే నవ్వు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఏమీ లేదు."

"తర్వాత?"

"డాక్టరమ్మకి చెప్పేశా. అదొక జబ్బేనట తల్లీ. మందులిచ్చింది."

"పిల్లల్ని తీసుకెళ్ళిపోలేదా?"

"ఎవరు తీసుకెళ్తారే వెర్రిదానా! అడిగుంటే ఒక పూటకి నేనే ఇచ్చేదాన్ని."

ఈలోగా నన్ను లోపలికి పిలిచారు. కవలలమ్మ బండి తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

సూది పడగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చి, నా పైట పట్టుకుంది. "ఇంకేమైనా ఇబ్బందుందా?" అంది డాక్టరమ్మ. ప్రతిసారీ అడుగుతుంది. ప్రతిసారీ లేదంటాను.

"వాడికేం లేదండీ," అన్నాను. "నాకే ఏదో అయింది."

డాక్టరమ్మ కలం కింద పెట్టి, తలుపు వేయమంది. కవలలమ్మ బండితో సహా లోపలికొచ్చి వేసింది.