ఇటలీ గొంతు, కోరుట్ల శోకం

నా పేరు లతీఫుద్దీన్. సిరిసిల్లలో మైకుసెట్ల దుకాణం నాది. ముప్పయ్యేళ్లుగా పెళ్లిళ్లకు, దర్గా ఉర్సులకు, గణపతి మండపాలకు, ఎన్నికల మీటింగులకు గొంతు అద్దెకిస్తున్నాను. ఈ కాలపు డీజే పిల్లలంటే నాకు పడదు. వాళ్ల బాక్సుల్లో చప్పుడుంటుంది గానీ పాట ఉండదు. వినేవాడి గుండె దడదడలాడితే అది తమ గొప్పే అనుకుంటారు. బీపీ వచ్చినా గుండె దడదడలాడుతుంది.

చంద్రయ్య విషయంలో తప్పంతా నాదేనని అతని వదిన ఊర్మిల ఇప్పటికీ అంటుంది. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఇటలీవాడిది.

ఆ ఇటలీవాడు నాకు జగిత్యాలలో దొరికాడు. పాత సామాన్ల దుకాణంలో నిలువెత్తు స్పీకరు బాక్సు ఒకటి కొని, తెచ్చి విప్పితే లోపల ఒక పెన్‌డ్రైవ్ ఇరుక్కుని ఉంది. అందులో ఒకే ఒక్క పాట. పెట్టి చూశాను. మొదట సన్నగా ఫిడేళ్లు, ఆ తర్వాత ఒక మగ గొంతు. బతిమాలుతున్నట్టు మొదలుపెట్టాడు. మెల్లగా పైకి వెళ్లాడు, ఇంకా పైకి వెళ్లాడు, ఇక చాలు నాయనా నరాలు తెగుతాయి అనుకునేంత ఎత్తుకు వెళ్లి అక్కడ నిలబడ్డాడు. దిగడే! స్క్రూడ్రైవరు పట్టుకుని ఊపిరి బిగబట్టి నేనూ నిలబడ్డాను. అతను దిగేసరికి నా గడ్డం తడిసిపోయి ఉంది. మా అమ్మ పోయిన రోజు కూడా నలుగురిలో కన్నీరు పెట్టని మనిషిని నేను.

మా అమ్మాయి నౌషీన్ డిగ్రీ చదువుతోంది. ఫోనులో వెతికి చెప్పింది. "అబ్బాజాన్, ఇది ఆపెరా, అంటె పాటల నాటకం. గిట్ల పై స్థాయిల పాడే మొగాయనను టెనర్ అంటరు. భాష ఇటలీది. అర్థం గూడ సూడన్నా?"

వద్దన్నాను. తీరా చూస్తే ఉల్లిగడ్డల ధర గురించి అయి ఉంటుందేమోనని నా భయం.

అప్పటి నుంచి బాగుచేసిన ప్రతి బాక్సునూ ఆ పాటతోనే పరీక్షిస్తున్నాను. ఆ గొంతుకు పగలని బాక్సు ఏ బారాత్‌కూ పగలదు. దుకాణం ముందు ఆగి, కళ్లు తుడుచుకోకుండా పోయినవాళ్లు తక్కువ. కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన కూడా మెట్టు మీద కూర్చుని ముక్కు చీదాడు. అందుకని నా బాక్సు ముందు ఎవరు ఏడ్చినా నాకు ఆశ్చర్యం కాదు, గర్వం. ఆ గర్వమే కోరుట్లలో నా కొంప ముంచింది.

చంద్రయ్య మా వీధి చివర షెడ్డులో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. వాటి మోత మధ్య ముప్పయ్యేళ్లు నిలబడ్డ మనిషికి చెవులు ఎక్కడ మిగులుతాయి! షెడ్డులో పని సైగలతో నడిచిపోతుంది. బయట లోకానికి ఆ సైగలు రావు. వినబడటం లేదని ఒప్పుకోవడం చంద్రయ్యకు నామోషీ. అందుకని ఒక ఉపాయం పట్టాడు. ఎవరేమన్నా తలూపుతాడు. దొంగ వచ్చి సైకిలు పట్టుకుపోనా అని అడిగినా ఊపుతాడని వీధిలో అందరూ నవ్వుకుంటారు.

ఆ ఊపుడు ఇంట్లో నవ్వులాట కాలేదు. అతని భార్య రాధకు మూడు రోజులు జ్వరం వచ్చింది. మొదటి రోజు చెప్పింది. తలూపాడు. రెండో రోజు చెప్పింది. మళ్లీ ఊపాడు. మూడో రోజు అతను అన్నం తింటుంటే పక్కన కూర్చుని మరీ చెప్పింది. చంద్రయ్య కంచంలోంచి తలెత్తకుండా, "పప్పు మంచిగనే ఉన్నది" అన్నాడు. మర్నాడు పొద్దున్నే రాధ కోరుట్లలో ఉన్న అక్క ఊర్మిల ఇంటికి బస్సెక్కేసింది. జ్వరం సంగతి పక్కింటివాళ్లు కాగితం మీద రాసి చూపిస్తేనే చంద్రయ్యకు తెలిసింది.

మూడు నెలలు గడిచాయి. రాధ అక్కతో కలిసి అక్కడే బీడీలు చుట్టుకుంటోంది. ఒకటో తారీకు నుంచి కోరుట్లలోనే వేరే గది తీసుకుని ఉంటానని కబురు పంపింది. ఆ కబురు వచ్చిన వారానికే చంద్రయ్య మా దుకాణం ముందు నుంచి పోతూ పోతూ ఆగాడు.

లోపల ఇటలీవాడు పాడుతున్నాడు. చంద్రయ్య సరాసరి వచ్చి రెండు అరచేతులూ బాక్సుకు ఆనించాడు. తర్వాత చెంప ఆనించాడు. పాట అయిపోయినా కదల్లేదు.

"ఇనబడ్డది" అన్నాడు.

"ఏందే?" అని అరిచాను.

"మనిషి గొంతు, లతీఫ్ భాయ్! కొసదాక ఇనబడ్డది. నడిమిట్ల తెగలే." అని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "పాపం, గీయన పెండ్లాం గూడ అలిగి పోయింది" అన్నాడు.

"అది ఇటలీ భాష. నీకెట్ల తెలుసు?"

"ఇంక దేనికోసం ఒర్రుతరు భాయ్, గట్ల?"

చంద్రయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు మాటలు రావు. నేనొకటంటె ఆమె ఒకటంటది, అది నాకు ఇనబడదు, మల్ల తలకాయ ఊపుత. గీ పాట రాధ ఇంటె సాలు, ఇంటికొస్తది. దీనికి గూడ రాకుంటె ఇంక రాదు."

నా ఆంప్లిఫయరు నేను లేకుండా గడప దాటదు. కాబట్టి మర్నాడు బాక్సును ట్రాలీ ఆటోకెక్కించి నేనే బయల్దేరాను. ఆటోకు రెండు పక్కలా 'లతీఫ్ సౌండ్ సర్వీస్, సిరిసిల్ల' అని గజమెత్తు అక్షరాలుంటాయి. వేములవాడ దాటేదాకా చంద్రయ్య హుషారుగానే ఉన్నాడు. కోరుట్లలో ఊర్మిల వాళ్ల వాడ మలుపు రాగానే పిల్లిలా అయిపోయాడు.

"నువ్వు పోయి పాట వెట్టు భాయ్. ఆమె బయటికొచ్చేటాల్లకు నేనొస్త. గంతల మిర్చి బజ్జీలు దెస్త. ఆమెకు అవంటె పానం." అని దూకేశాడు.

ఇంటి ముందు ఆటో ఆపి, బాక్సు మూతి తలుపు వైపు తిప్పి, మా వృత్తి ఆచారం ప్రకారం చెవుల్లో దూది పెట్టుకుని, ఫుల్ సౌండు పెట్టాను. తలుపుకు తాళం ఉందని చూడనేలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లారట. ఇటలీవాడు తాళం కప్పను బతిమాలడం మొదలుపెట్టాడు.

ముందు ఎదురింటి ఆమె వచ్చింది. పిండి చేతులతోనే వచ్చి, పాట ఎత్తుకు వెళ్లేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. నలుగురు వచ్చారు. పదిమంది అయ్యారు. పాట మూడోసారి తిరిగేసరికి వాడంతా నా ఆటో చుట్టూ ఉంది, అందరి కళ్లూ తడే. కోరుట్లవాళ్లు రసికులని మనసులోనే మెచ్చుకున్నాను. ఎదురింటి ఆమె దగ్గరికొచ్చి ఏదో అడిగింది. ఒక చెవిలో దూది తీశాను.

"చంద్రయ్యేనా అయ్యా?"

ఈ ఏర్పాటు ఎవరిదని అడుగుతోంది అనుకున్నాను. "ఔనమ్మా, చంద్రయ్యే! సిరిసిల్ల చంద్రయ్యే!" అని ఛాతీ విరుచుకుని చెప్పి, దూది మళ్లీ పెట్టుకున్నాను. ఆమె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. ఇంత రసికత పనికిరాదు అనుకున్నాను గానీ, ఆగి ఆలోచించలేదు.

ఆ వాడల్లో రాగం తీసిన ఏడుపు గట్టిగా వినిపిస్తే దానికి ఒక్కటే అర్థం. ఎక్కడి పని అక్కడ వదిలి పరుగెత్తాలి. పోయింది ఎవరని అడగడం తర్వాత. వెళ్లకపోతే మాట వస్తుంది. సిరిసిల్ల బండి, సిరిసిల్ల కోడలు ఉంటున్న ఇల్లు, అంతెత్తు ఏడుపు. ఇంకేం కావాలి! "ఎంత మర్యాదస్తులు, మైకు వెట్టి మరీ ఏడుస్తున్నరు" అని కూడా ఒకరన్నారట. శవం చూడ్డానికి సిరిసిల్ల వెళ్లాలని అప్పటికే ఒక వ్యాను మాట్లాడేశారు. పూలదండలు వచ్చాయి. వాడ పెద్దమనిషి ఒకాయన, చంద్రయ్య ముఖం ఎప్పుడూ చూడనివాడు, మీద కప్పడానికి కొత్త తెల్లబట్ట తెచ్చి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే చంద్రయ్య బజ్జీల పొట్లంతో వచ్చి గుంపు వెనకాల ఆగాడు. అందరూ ఏడుస్తున్నారు. పాట పనిచేస్తోందని పొంగిపోయి తానూ ఏడ్చాడు. పక్కనున్న ఆ పెద్దమనిషి, "పాపం, మంచోడట" అన్నాడు. చంద్రయ్య తలూపాడు. "ఎవ్వలకు అన్యాయం జేసినోడు గాదట." చంద్రయ్య మళ్లీ ఊపాడు. ఇంతలో అతని కళ్లు తెల్లబట్ట మీద పడ్డాయి. నేతగాడి వేళ్లు ఊరుకుంటాయా? అంచు పట్టుకుని బొటనవేలితో రుద్ది చూసి ముఖం చిట్లించాడు.

"పోగు పలుచగున్నది. నాలుగొద్దులు గూడ ఆగది" అన్నాడు.

"నాలుగొద్దులెందుకయ్యా, సాయంత్రందాక ఆగితె సాలు" అన్నాడట పెద్దమనిషి. చంద్రయ్య దానికీ తలూపాడు. ఇదంతా తర్వాత ఆ పెద్దమనిషే నాకు చెప్పాడు, నవ్వకుండా.

అంతలో గుంపు చీలింది. రాధ వస్తోంది. చెప్పులు ఒకచోట, కొంగు ఒకచోట. వెనకే ఊర్మిల. ఎవరో దారిలోనే చెప్పేశారు. రాధ నా బాక్సు ముందు కూలబడింది. సరిగ్గా అప్పుడే పాట అయిపోయింది. మళ్లీ పెడదామని మీట మీదికి పోయిన నా చెయ్యి ఆగిపోయింది. ఆమె ఎత్తుకుంది మరి.

"ఓ నా పెనిమిటో... నన్నిడిసి పోతివా...
వాన జోరున గొట్టంగ నా బీడీ ఆకు తడుస్తదని
కప్పుకున్న చెద్దరు దీసి ఆకుకు గప్పితివో...
సలికి నువ్వు వణికితివో...
ఎవ్వలేమన్న తలకాయ ఊపితివి గదరా...
యముడొచ్చి రమ్మంటె గూడ ఊపితివా..."

నాకప్పుడు తెలిసింది నేనేం చేశానో. నిజం చెప్పాలంటే ఆమెను ఆపాలనిపించలేదు. చెవుల్లో దూది పీకి పారేశాను. ఇటలీవాడు ఎక్కి నిలబడ్డ చోటికి ఆ బక్కమనిషి మైకు లేకుండా ఎక్కుతోంది.

"జరమొచ్చిందంటి గదా... మూడొద్దులు జెప్తి గదా...
పప్పు మంచిగున్నదంటివి గదరో...
ఇంక నా జరం ఎవ్వలకు జెప్పుదునో..."

ఆ చివరి మాటను అక్కడ, ఆ ఎత్తున, దించకుండా పట్టుకుంది. వాడంతా గుక్క పట్టింది. పాట ఆగిపోయినా ఇద్దరి గొంతులూ ఒకే చోటి నుంచి వస్తున్నట్టనిపించి, అటో బాక్సు ఇటో రాధ, ఎటు చూడాలో తెలియక నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పుడు గుంపు వెనక నుంచి, చెవులు పోయినవాళ్లు మాట్లాడినట్టే మాట్లాడే ఒక గొంతు ఊరంతా వినబడేలా అడిగింది.

"జరం తగ్గిందానే రాధా?"

ముందు వరుస ఆడవాళ్లు దయ్యమనుకుని నా ఆటో ఎక్కేశారు. పెద్దమనిషి "అమ్మో" అని చంకలోని తెల్లబట్టను విసిరికొట్టాడు. అది వెళ్లి సరిగ్గా కప్పాల్సినవాడి మీదే పడింది. ఆ బట్టతోనే, చేతిలో బజ్జీల పొట్లంతో, కన్నీళ్లు కారుతూ చంద్రయ్య ముందుకొచ్చాడు. రాధ రెండు క్షణాలు చూసింది. తర్వాత పక్కనున్నామె కాలి చెప్పు లాక్కుని కొట్టింది. గురి తప్పలేదు.

"మూడు నెలలాయె తగ్గి, సచ్చినోడా!" అని, కొట్టబోయిన రెండో చెప్పు గాలిలోనే ఆపింది. "నీకు... ఇనబడ్డదా?"

"ఇనబడ్డది. కొసదాక. నడిమిట్ల తెగలే."

"ఆ మైకేంది, ఆ ఏడుపేంది?"

"నాకు ఇనబడ్డ గొంతు గదొక్కటే ఉండె. గందుకే తెచ్చిన." చంద్రయ్య బట్ట అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు రెండయినయ్."

బతికున్నందుకు అన్ని తిట్లు తిన్న మనిషిని నేను చూడలేదు. వ్యాను మాట్లాడినవాళ్లు తిట్టారు, దండలు తెచ్చినవాళ్లు తిట్టారు, కలిపిన పిండి, కోసిన ఉల్లిగడ్డలు ఎండిపోయాయని ఎదురింటి ఆమె తిట్టింది. ఊర్మిల మాత్రం అతన్ని వదిలి చీపురుతో నా మీదికి వచ్చింది. బజ్జీలు అందరికీ తలా ఒకటి వచ్చాయి. సాయంత్రం తిరుగు ప్రయాణంలో రాధ ట్రాలీలో బాక్సుకు ఆనుకుని కూర్చుంది, పక్కన చంద్రయ్య, ఇద్దరి మెడల్లో వాడవాళ్లు వృథా ఎందుకని వేసిన దండలు.

ఇది జరిగి ఏడాది. మొన్న ఒక మధ్యాహ్నం చంద్రయ్య వీధిలో పోతున్నాను. ఆ ఇంట్లోంచి రాధ గొంతు, ప్రాణం పోతున్నట్టు, అంతెత్తు లేచింది. వీధిలోకి కొత్తగా వచ్చిన రవీందర్ అనే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నాకు ఎదురుగా పరుగెత్తుకొస్తున్నాడు. కళ్లల్లో అప్పుడే నీళ్లు.

"ఎవలు వోయిండ్రన్నా?" అన్నాడు.

నేను అతని భుజం పట్టుకుని ఆపాను. "ఎవ్వలు పోలే తమ్మీ. కూర అయిందట. మొగున్ని తిందువు రమ్మంటున్నది."