ఊకె పిలువొద్దు

అడవిలో బతికే, చెవులు మొనదేలిన ఎల్ఫులకు భాష పుట్టించడం నిరోష ఉద్యోగం. హైదరాబాదులోని ఒక వీడియోగేమ్ కంపెనీ అప్పజెప్పిన పని. మాట పుట్టిస్తే చాలదు, దాని తాతముత్తాతలను కూడా పుట్టించాలి. వెన్నెలకు 'లీరన్' అని పేరు పెడితే, వాళ్ళ పాత భాషలో 'లీర్' అంటే పాలు గనుక అలా వచ్చిందని రాయాలి. లేని జనానికి లేని పూర్వీకులను కట్టబెట్టీ కట్టబెట్టీ ఆమె బుర్ర వట్టిపోయింది. కొత్తకోట దగ్గరి సొంతూరికి వచ్చి కూర్చున్నా అలసట తీరలేదు.

ఒక్క మాటే మిగిలింది. చెల్లాచెదురైన తనవాళ్ళను ఎల్ఫుల రాణి వెనక్కి పిలిచే మాట. రేపు పొద్దున ఇవ్వకపోతే పని ఇంకొకరికి పోతుంది. నిరోష ఏది అల్లినా మందుబిళ్ళ పేరులాగే వినిపించింది.

సాయంత్రం ఆమె తండ్రి, పెద్దులు బాపు, గొర్రెలను దొడ్డికి తోలుకొస్తూ తొట్టి నీళ్ళకు "హిర్రోయ్" అని పిలవడం దూరం నుంచే వినబడింది. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. తాతల నాటి నుంచి వచ్చిన పిలుపు, వేరు కల్పించే పని కూడా లేదు. ఆ పిలుపును రాణికి ఇస్తానని బాపును అడిగింది. రాణి పిలిచి ఏం పెడుతుందని ఆయన చెప్పులు విడుస్తూ అడిగాడు. ఏమీ పెట్టదు, బొమ్మల ఆట కదా అంది.

"అయితె ఒద్దు బిడ్డా. ఊకె పిలువొద్దు," అని మంచం మీద వాలాడు.

మనిషి బాగా అలిసిపోతే మంచీ చెడూ రెండూ బరువే. నిరోష ఫోను తీసుకుని దొడ్డి పక్కకు పోయి, గొంతు తగ్గించి తనే ఆ పిలుపు పిలిచి రికార్డు చేసింది.

పడుకున్న గొర్రెలన్నీ లేచాయి. తోసుకుంటూ తడిక దాకా వచ్చి, మూతులెత్తి ఆమె చేతుల వైపు చూశాయి. చేతుల్లో ఫోను తప్ప ఏమీ లేదు. నిరోషకు సిగ్గేసింది.

వెనక మంచం కిర్రుమంది. పొద్దంతా నడిచిన మనిషి నడుము పట్టుకుని లేచి, బకెట్ అందుకున్నాడు. తిట్టలేదు.

"పిలిచినవ్ గద. ఉత్త చేతులు జూపిస్తె రేపు నేను పిలిచినా అవి రావు."

ఆమె బకెట్ లాక్కుంది. తొట్టి నిండేదాకా నీళ్ళు మోసి, ఆఖరి గొర్రె తాగి తల తిప్పుకునేదాకా అక్కడే నిలబడింది. తర్వాత ఫోనులో ఆ పిలుపును చెరిపేసి, తను అల్లిన మందుబిళ్ళ పేర్లలో ఒకదాన్ని ఏరి కంపెనీకి పంపింది. నీళ్ళు పెట్టని రాణికి అది చాలు.