గీత పడని టోపీ

నేను ఒక తెల్ల హెల్మెట్‌ను. పనివాళ్ళు నన్ను టోపీ అంటారు. ఊరి బయట ఫ్లైఓవర్ కడుతున్న చోట, మేనేజరు గిరిధర్ గారి ఏసీ గదిలో, అద్దాల అల్మారాలో నా కాపురం. తలలు కాపాడటానికి పుట్టిన నన్ను మనుషులు ఎంత భద్రంగా కాపాడారో చెబుతాను, వినండి.

ఫ్యాక్టరీలో అచ్చులోంచి బయటపడ్డ రోజే, నాతో పుట్టినదాన్ని ఒకదాన్ని దిమ్మ మీద పెట్టి పైనుంచి ఇనుప గుండు వదిలారు. అది చెక్కుచెదరలేదు. దాని పుణ్యాన మా అందరికీ ముద్ర కొట్టారు. ఎంత మురిసిపోయానో! ఇక నన్ను పెట్టుకున్న తలకు ఢోకా లేదనుకున్నాను. పిచ్చిమొహాన్ని, తలల్లో తేడాలుంటాయని నాకేం తెలుసు?

నాకు దక్కిన మొదటి తల ఒక పెద్ద అధికారిది. కారు దిగి, నన్ను పెట్టుకుని, పునాది గుంతలోకి తొంగి అయినా చూడకుండా జీడిపప్పు తిని వెళ్ళాడు. పోతూ పోతూ జుట్టు చెదిరిందని విసుక్కున్నాడు. ఆ మహానుభావుడి మీద అక్కడ పడేదేముంది, పూలదండ తప్ప!

ప్రతి సోమవారం ఇంకో తమాషా. పనివాళ్ళను వరసగా నిలబెట్టి, తలకొక హెల్మెట్ తగిలించి, చేయి చాపించి భద్రతా ప్రతిజ్ఞ చేయించేవారు. ఫోటో తీయగానే మమ్మల్ని ఊడబెరికి, తుడిచి, అల్మారాలో పెట్టి తాళం వేసేవారు. వాళ్ళేమో తలకు తువ్వాలు చుట్టుకుని గుంతలోకి దిగేవారు. దసరాకు మాకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయతో దిష్టి కూడా తీశారు. సిగ్గు లేకపోతే సరి!

కుర్మయ్య పాలమూరు నుంచి వచ్చినవాడు. లోతైన పునాది గుంతలో రాడ్లు కట్టేవాడు. అతని భార్య మణెమ్మ కంకర మోసేది. పైనుంచి ఎప్పుడేం జారిపడుతుందోనని ఆమెకు ఒకటే భయం. ఒకరోజు ధైర్యం చేసి గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సారూ, గా టోపీలు ఊకెనే ఉన్నయి గద. మా ఆయనకొకటి ఇయ్యరాదుండ్రి. గుంతల పనాయె, నా పానం కొట్టుకుంటది."

"గీతలు పడితే పెద్దసార్లు వచ్చినప్పుడు ఏం పెట్టమంటావమ్మా? వెళ్ళు, పని చూసుకో," అన్నాడు గిరిధర్.

వారం తిరక్కుండానే ఒక ఇనుప పైపు జారి కుర్మయ్య తల మీద పడింది. కేకలు విని గిరిధర్ పరుగెత్తాడు. ఎటు? గుంత వైపు కాదు, అల్మారా వైపు! నన్ను తీసుకెళ్ళి, నెత్తురోడుతున్న ఆ తల పక్కన పెట్టి ఫోటో తీయించాడు. అంబులెన్సుకు ఫోన్ చేసింది ఆ తర్వాతే. కుర్మయ్య ఆసుపత్రి చేరకముందే పోయాడు.

"హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. ఏం చేస్తాం, వాడి ఖర్మ," అన్నాడు గిరిధర్ అందరితో.

మణెమ్మ ఏడుస్తూనే నన్ను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "తల పలిగింది గద సారూ. టోపీకి గీత గూడ పడలేదేంది?"

గిరిధర్ ఆమె చేతుల్లోంచి నన్ను లాక్కున్నాడు. విచారణకు వచ్చేవాళ్ళూ ఇదే అడిగితే? వాళ్ళు వచ్చే రోజు పొద్దున నన్ను నేల మీద పెట్టి సుత్తితో బాదాడు. నేను పగల్లేదు. పళ్ళు కొరుకుతూ మళ్ళీ మళ్ళీ బాదాడు. గీతలు పడ్డాయి గానీ, పగల్లేదు. కుర్మయ్య బట్టల సంచి కోసం వచ్చిన మణెమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఇంత గట్టిదా సారూ ఇది?"

గిరిధర్ సుత్తిని వెనక్కి దాచుకున్నాడు. ఆమె నన్ను తీసుకుని తిన్నగా గుంత దగ్గరికి నడిచింది. కుర్మయ్య చోట కొత్తగా రాడ్లు కడుతున్న కుర్రాడి తలకున్న తువ్వాలు మీదే నన్ను పెట్టి, "తియ్యకు తమ్మీ, ఎవ్వరడిగినా," అంది.

విచారణ వాళ్ళు ఫోటో చూసి, టీ తాగి పోయారు. నన్ను చూపమని అడిగిన పాపాన పోలేదు.

సోమవారం ఫోటో అయ్యాక నన్ను ఊడదీయబోతే ఆ కుర్రాడు రెండు చేతులా పట్టుకుని ఇవ్వనన్నాడు. బలవంతాన లాక్కుంటారేమో అనుకున్నాను. గీతలు పడ్డ టోపీ ఇక పెద్దసార్లకు పనికిరాదని వదిలేశారు.