పని బట్టల దుమ్ము

ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసేశాక టైలరమ్మ చాలాకాలానికి వెల్లకిలా పడుకుని కంటినిండా నిద్రపోయింది. అంతకుముందు ఆయాసంతో దిండ్లకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. లేచాక పక్కనున్న ఆడపడుచుతో, "గాలి పీల్చుకోవడం ఇంత సుఖమని ఇన్నేళ్లూ తెలియలేదే" అంది.

తర్వాత చిన్న ముక్క తీసి చేసిన పరీక్షలో జబ్బు పేరు తేలింది. మెసోథీలియోమా. ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు వచ్చే క్యాన్సరు. ఎప్పుడైనా ఆస్‌బెస్టాస్ దగ్గర పనిచేశారా అని డాక్టరమ్మ అడిగింది. టైలరమ్మ తెల్లబోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి కుట్టుమిషనే తప్ప ఆవిడ ఫ్యాక్టరీ గడప తొక్కిన మనిషి కాదు.

గోడకు ఆనుకుని నిలబడ్డ భర్త అప్పుడు నోరు విప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన బాయిలర్ గొట్టాలకు వేడి పోకుండా ఆస్‌బెస్టాస్ చుట్టేవాడు. ఆ తెల్లటి దుమ్ము తలనిండా, బట్టలనిండా పడి, జుట్టు నెరిసిన ముసలాడిలా ఇంటికొస్తే ఆవిడ పడీపడీ నవ్వేది. ఆ బట్టలు దులిపి ఉతికింది ఆవిడే.

డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. ఆ దుమ్ములో కంటికి ఆనని పీచు ఉంటుందట. ఒకసారి లోపలికి పోతే ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండి, ఎప్పుడో జబ్బుగా బయటపడుతుందట. పూర్తిగా నయం చేస్తామని చెప్పలేమనీ, మందులతో అదుపులో పెట్టడానికి చూస్తామనీ, ఆయాసం మాత్రం తగ్గిస్తామనీ చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పినందుకు టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆయన ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయని పరీక్షల్లో తేలింది. దాంతో మనిషి ఇంకా కుంగిపోయాడు. అన్నం సయించదు, భార్య ముఖం చూడలేడు, పడక ముందుగదిలోకి మార్చేశాడు. కొన్నాళ్లు చూసీ చూసీ, ఒకరోజు టిఫిను వేళ ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అప్పుడు మీకు తెలుసా అది విషమని?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తెలిసిన కంపెనీవాళ్లు చెప్పలేదు. ఆ కోపమేదో వాళ్లమీద చూపించండి. నాకిప్పుడు ఇంట్లో మొగుడు కావాలి గానీ, ముద్దాయి కాదు."

ఆయన బావురుమన్నాడు. ఆ సాయంత్రమే ఆయన పరుపు లోపలిగదిలోకి వచ్చేసింది.

ఆ తర్వాత ఆయనలో పట్టుదల పుట్టుకొచ్చింది. తనతో పనిచేసిన పాత జట్టులో బతికున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఆడవాళ్లకు కూడా దగ్గో ఆయాసమో ఉంటే డాక్టరుకు చూపించి, ఆస్‌బెస్టాస్ సంగతి తప్పక చెప్పమన్నాడు. పాత మేస్త్రీ తన షెడ్డుమీది ఆస్‌బెస్టాస్ రేకులు తానే పగలగొట్టి తీయబోతుంటే ఆపాడు. ఆ పని తెలిసినవాళ్లను పిలిచేదాకా మేస్త్రీని నిచ్చెన ఎక్కనివ్వలేదు. మేస్త్రీ భార్య ఫోన్ చేసి, ఎన్నాళ్లుగానో ఉన్న దగ్గు చూపించుకున్నాననీ, అది మామూలు దగ్గేనని తేలిందనీ చెబితే, తనకే నయమైనంత సంబరపడింది టైలరమ్మ.

మందు ఎక్కించిన రోజుల్లో ఆవిడకు నోరంతా చేదు, ఒళ్లంతా నీరసం. ఆడపడుచు వచ్చి జుట్టు దువ్వి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పి నవ్వించేది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంటే, "ఊరుకో వదినా, నా జాకెట్లు ఎవరు కుడతారు మరి" అనేది.

మొన్నటి స్కానులో జబ్బు పెరగలేదని డాక్టరమ్మ చెప్పింది. వచ్చేటప్పుడు టైలరమ్మ పట్టుబట్టి బస్సు ఒక స్టాపు ముందే దిగింది. ఆయన సణుక్కుంటూనే సంచి అందుకున్నాడు. ఆయాసం వచ్చినచోట ఇద్దరూ ఎవరిదో పిట్టగోడమీద కూర్చున్నారు.

"మీరు ఉన్నారు, అదే చాలు" అంది ఆవిడ.

ఆయన ఆవిడకు ఎండ తగలకుండా అటువైపు జరిగి కూర్చున్నాడు.