నిరభ్యంతరంగా తాగవచ్చు

వార్డు ఆఫీసు నుంచి ప్రతి శనివారం ఒక కాగితం బయటికొస్తుంది. ఒకే ఒక్క పేజీ. పైన 'వార్డు సమాచారం' అని లావుపాటి అక్షరాలు. కింద ఏ వీధిలో ఏ పని ఎంతవరకు వచ్చింది, చెత్త బండి ఎప్పుడొస్తుంది, నీళ్లు ఏ పూట వదులుతారు, ఇలాంటివి. దాన్ని రాసేదీ, కాపీలు తీసేదీ, వీధి వీధికీ తిరిగి బోర్డుల మీద అంటించేదీ ఒక్క మనిషే. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తుండేసరికి జనం ఆవిడ అసలు పేరు మరిచిపోయి కాగితమ్మ అనడం మొదలుపెట్టారు. మొహం మీదే అంటారు. ఆవిడా పలుకుతుంది.

ఆ కాగితంలో తిప్పి తిప్పి వాడే మాటలు మూడే. ఫలానా పని గురించి ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియకపోతే 'పరిశీలనలో ఉంది'. తెలిసీ ఎవరూ కుర్చీలోంచి కదలకపోతే 'పురోగతిలో ఉంది'. ఇక ఆ ఫైలు ఇంజనీరు బల్ల మీద నుంచి లేచి బీరువాలోకి పోయిందనుకోండి, 'పూర్తయింది'. పని నిజంగా అయిందా అని అడిగేవాడు వెర్రివాడి కింద లెక్క. ఈ సంగతి కాగితమ్మకి తెలియదా అంటే శుభ్రంగా తెలుసు. తెలిసే ఆ మూడు ముక్కల్నీ వారం వారం అటూ ఇటూ మార్చి అతికించింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని మధ్యమధ్యలో అనుకునేది. అనుకుని, టీ తాగి, మళ్లీ టైపు చేసుకునేది.

మూడు నెలల క్రితం నాలుగో వీధిలో మురుగు పైపు పగిలింది. దాని పక్కనే, జానెడు దూరంలో, మంచినీళ్ల పైపు. పొద్దున్నే కుళాయి తిప్పితే మొదటి చెంబు నీళ్లు గుప్పున కంపు కొట్టేవి. జనం ఆఫీసుకొచ్చి గొడవ చేశారు. ఆ వారం కాగితమ్మ 'పరిశీలనలో ఉంది' అని వేసింది. తర్వాత చాలా వారాలు 'పురోగతిలో ఉంది'. మూడు వారాల కిందట ఇంజనీరు దగ్గర నుంచి చీటీ వచ్చింది: 'నాలుగో వీధి, పూర్తయింది.'

అంతవరకు రాసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. ఆ రోజు కాగితం అడుగున ఒక లైను ఖాళీ మిగిలింది. కాగితమ్మకి ఈ పని నేర్పి రిటైరైపోయిన గుమాస్తా అస్తమానం ఒకటే మాట చెప్పేవాడు: "ఖాళీ వదలకు తల్లీ, ఖాళీ కనిపిస్తే అందులో ఏదో దాచారనుకుంటారు జనం." అందుకని ఆవిడ ఆ ముక్కని కాస్త సాగదీసింది. 'మురుగు పైపు పని పూర్తయింది. నివాసులు మంచినీళ్లు నిరభ్యంతరంగా తాగవచ్చు.' నిరభ్యంతరంగా అన్న మాట పొడుగ్గా, పెద్దమనిషి తరహాగా ఉండి లైను చివరిదాకా చక్కగా సరిపోయింది. కాగితమ్మ చూసుకుని ముచ్చటపడింది కూడా.

నాలుగో వీధిలోనే ఆవిడ పిన్ని ఉంటుంది. తల్లి పోయాక కాగితమ్మని సాకి పెద్దదాన్ని చేసింది ఆ పిన్నే. ఒంటి మనిషి, గట్టి మనిషి, ఎవర్నీ ఊరికే నమ్మదు. వైద్యుడు మాత్ర రాసిస్తే దాని మీద అక్షరాలు భూతద్దం పెట్టి చదివిగానీ మింగదు. అలాంటి మనిషి సోమవారం వాంతులూ విరేచనాలతో గుమ్మంలో పడిపోయింది. ఎదురింటి పెద్దావిడ చూసి ఆసుపత్రికి చేర్చి, కాగితమ్మకి ఫోను చేసింది.

మూడు రోజులు సెలైను ఎక్కించాక, గురువారం పొద్దున పిన్ని కళ్లు తెరిచి నాలుగు మాటలు మాట్లాడింది. మనిషి సగానికి సగం అయిపోయింది. డాక్టరు అప్పటికే చెప్పాడు, ఇది మురుగు కలిసిన నీళ్లు తాగితే వచ్చే జబ్బని, ఇంకొక్క పూట ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదని.

"నీళ్లు కాచుకోవడం మానేశావా పిన్నీ?" అని అడిగింది కాగితమ్మ.

"మానేశానే. నువ్వు తాగొచ్చని రాశావుగా."

"వాసన రాలేదా మరి?"

"పొద్దున్నే కాస్త వచ్చేది." పిన్ని ఆయాసపడుతూ నవ్వబోయింది. "నువ్వు రాశాక కూడా వస్తోందంటే నా ముక్కుకే వయసు మీదపడిందనుకున్నా."

కాగితమ్మ అక్కడ కూర్చోలేకపోయింది. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని మొహం మీద నీళ్లు కొట్టుకుంది, ఆ నీళ్లు చూసినా వెగటేసింది. నాలుగో వీధిలో నలభై ఇళ్లున్నాయి. నలభై ఇళ్ల వాళ్లూ అదే కాగితం చదివారు. ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఎవరు ఎలా మూలుగుతున్నారో! ఇంకొకళ్లు పడకముందే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అక్కణ్ణించి తిన్నగా ఆఫీసుకి నడిచింది.

ఇంజనీరు గదిలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బల్ల మీద మూత విప్పని నీళ్ల సీసాలు వరసగా నాలుగున్నాయి. ఆయన ఏనాడూ ఆఫీసు కుళాయి నీళ్లు ముట్టుకోడు. ఇన్నాళ్లూ అది ఆయన దర్జా అనుకునేది కాగితమ్మ. ఇవాళ ఆ సీసాలు చూడగానే ఒళ్లు మండిపోయింది.

"సార్, నాలుగో వీధిలో పైపు మార్చారా లేదా?"

"పూర్తయిందని రాసిచ్చాను కదమ్మా."

"రాసింది అడగట్లేదు సార్. మార్చారా?"

ఆయన కాసేపు నీళ్లు నమిలాడు. "తవ్వాం. చూశాం. ఆ సైజు పైపు స్టోరులో లేదు. అలా ఎన్నాళ్లు గొయ్యి తెరిచి ఉంచుతాం? పూడ్చేశాం. ఫైలు పూర్తయింది."

"ఫైలు పూర్తయిందా!"

"మరి? నేను 'పూర్తయింది' అని మాత్రమే రాశాను. 'పని' అన్న ముక్క నువ్వు కలిపావు. 'నిరభ్యంతరంగా తాగవచ్చు' అన్నదీ నువ్వే. నా చీటీ నా దగ్గరుంది, చూస్తావా?"

కాగితమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి చెప్పిందాంట్లో అబద్ధం లేదు మరి, అదే రోత. నలభై ఇళ్ల చేత మురుగు తాగించిన మాట ఆయనది కాదు, తనది. అడుగున ఖాళీ ఉంటే బాగోదని రాసిన మాట.

"మా పిన్ని చావు దాకా వెళ్లొచ్చింది సార్."

"అయ్యో. ఇంకెంతమంది?"

"ఆసుపత్రిలో ఉన్నది మా పిన్నే. మిగతావాళ్ల సంగతి కనుక్కోవాలి."

ఆయన మొహం విచ్చుకుంది, నిజంగానే విచ్చుకుంది. "ఒక్కరేనా! ఒక్కరైతే నీళ్ల తప్పు కాదమ్మా. నీళ్ల తప్పయితే వీధంతా పడాలి కదా. మీ పిన్ని ఏదో పడనిది తిని ఉంటుంది." సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగాడు. "సరే, నీ మొహం చూసి ఒక పని చేద్దాం. ఈ శనివారం 'నాలుగో వీధి నీటి నాణ్యత పరిశీలనలో ఉంది' అని వెయ్యి. నీ కోసం రెండు మెట్లు దిగాను, చూశావా?"

థూ అని అక్కడే ఉమ్మెయ్యాలనిపించింది కాగితమ్మకి. ఉమ్మలేదు. అలాగే సార్ అంది. పదకొండేళ్ల అలవాటు, నోరు దానంతటది అనేసింది. బయటికొచ్చాక ఆ 'అలాగే సార్'కి తన మీద తనకే చీదర పుట్టింది.

శుక్రవారమంతా ఆ కాగితం ముందు కూర్చుంది. 'పరిశీలనలో' అని టైపు చేసి చెరిపేసింది. చివరికి శనివారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే ఆఫీసు తాళం తీసి, మెషిను ముందు నిలబడి కాపీలు తీసింది. ఈసారి చెత్త బండి లేదు, దోమల మందు లేదు. పేజీ నడుమ మూడే వాక్యాలు:

'నాలుగో వీధి కుళాయి నీళ్లు తాగకండి. మురుగు కలుస్తోంది. మూడు వారాల కిందట తాగవచ్చని రాసింది తప్పు, రాసింది నేనే.'

చుట్టూ అంతా ఖాళీ. ఉద్యోగం ఊడితే ఊడుతుందనుకుంది. జిగురు డబ్బా, కాగితాలు సంచిలో వేసుకుని నాలుగో వీధికి బయల్దేరింది. అప్పుడు టైము ఏడున్నర. కుళాయిలు తొమ్మిదిదాకా వస్తాయి.

వీధి మొదట్లో టైలరు కొట్టు, ఆ కొట్టు గోడకే బోర్డు. తవ్వి పూడ్చిన చోట మట్టి కుంగి, పైన నల్లటి నీళ్లు నిలిచి బుడగలొస్తున్నాయి. కాగితమ్మ ముక్కు మూసుకుని దాన్ని దాటి, కాగితం అంటించి, నాలుగు మూలలా అరచేత్తో రుద్దింది. టైలరు షట్టరు ఎత్తుతూ వంగి చదివాడు. చదివి, మొహమంతా నవ్వు పులుముకున్నాడు.

"హమ్మయ్య! మొత్తానికి బాగుచేశారన్నమాట!"

"ఏం బాగుచేశారయ్యా? సరిగ్గా చదివావా?"

"చదివాను కాగితమ్మ గారూ. తాగకండి అని వేశారుగా. అంటే తాగొచ్చనేగా!" కన్ను గీటాడు. "మీ ఆఫీసు భాష మాకు తెలీదా ఏంటి? పూర్తయింది అంటే మొదలెట్టలేదని. పురోగతి అంటే మర్చిపోయారని. పోయిన ఎండాకాలం అయిదో వీధిలో తాగకండి అని ఇలాగే వేశారు. తీరా చూస్తే నీళ్లు భేషుగ్గా ఉన్నాయి, ట్యాంకరువాడికి పని దొరకాలని వేయించారట. ఇప్పుడు మా వీధి వంతు వచ్చిందన్నమాట!"

"అది వేరు, ఇది వేరు! ఇది నిజం!"

"ప్రతిసారీ అదే అంటారు లెండి. రెండ్రోజుల్నుంచి నీళ్లలో వాసన కూడా లేదు. నేను అప్పుడే అనుకున్నా." కొట్టు వెనకున్న ఇంట్లోకి కేకేశాడు. "ఏమేవ్, ఇంక నీళ్లు కాచక్కర్లేదు! పొయ్యి కట్టెయ్!"

కాగితమ్మ చేతిలోని జిగురు డబ్బా కింద పెట్టింది. "మీరు... కాచుకునే తాగుతున్నారా?"

"కాచుకోకపోతే ఎలాగండీ? మూణ్ణెల్లుగా కాస్తూనే ఉన్నాం. ఆ మధ్య మీరు 'నిరభ్యంతరంగా తాగవచ్చు' అని వేశారు చూడండి, ఆ రోజు నుంచి మా ఆవిడ ఇంకో పది నిమిషాలు ఎక్కువ కాస్తోంది. వీధి వీధంతా అంతే. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు." అని, గొంతు తగ్గించాడు. "మీ పిన్నిగారికి తప్ప, పాపం."

నలభై ఇళ్లు. నలభై ఇళ్లలో కాగితం రాసింది రాసినట్టు నమ్మింది ఒక్క పిన్ని. ఆ నమ్మకమే ఆవిణ్ణి ఆసుపత్రి మంచం మీద పడేసింది. మిగతా అందర్నీ కాపాడింది కాగితం మీద వాళ్లకున్న అసహ్యం. ఇప్పుడు, పదకొండేళ్లలో మొదటిసారి ఆ గోడ మీద నిజం పడితే, అదే వాళ్ల చేత మురుగు తాగించేలా ఉంది. కాగితమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపంతోనో సిగ్గుతోనో ఆవిడకే తెలియలేదు.

బోర్డు మీది కాగితాన్ని పర్రున చింపేసింది. చింపితే సరా? అప్పటికే టైలరు పక్కింటివాళ్లకీ, ఆ పక్కింటివాళ్లకీ శుభవార్త చెప్పేశాడు. పరుగున వెళ్లి తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. "తాగకండమ్మా, పైపు మార్చలేదు, నేను అడిగి వచ్చాను." ఒకాయన పళ్లు తోముకుంటూ తలూపి లోపలికెళ్లాడు. ఒకావిడ, "అలాగేనమ్మా, పరిశీలిస్తాం" అని పగలబడి నవ్వింది. ఇంకో ఇంట్లో, "మీవాళ్లు అలా చెప్పమన్నారా?" అని జాలిగా అడిగారు. గోడకి చెప్పినా ఇంతకంటే నయం.

చివరికి పిన్ని ఎదురింటికి వచ్చింది. కాగితమ్మని చిన్నప్పటి నుంచి ఎరిగిన పెద్దావిడ, పిన్నిని ఆసుపత్రికి చేర్చిన మనిషి. ఈవిడైనా వింటుంది, ఈవిడ చెబితే వీధి వింటుంది అనుకుంది.

"పెద్దమ్మా, నీళ్లు తాగొద్దని అందరికీ చెప్పు. నీ మాటయితే వింటారు."

పెద్దావిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిదానంగా చూసింది. "ఇది ఆఫీసు మాటా, నీ మాటా?"

"నా మాటే పెద్దమ్మా. ఆఫీసుకి సంబంధం లేదు. ఒట్టు, నా సొంత మాట."

"మీ పిన్నికి లక్షసార్లు చెప్పానమ్మాయ్, కాచుకోవే, కాగితాన్ని నమ్మకే అని. ఆవిడా అచ్చం ఇదే అంది. 'అది ఆఫీసు మాట కాదు, మా పిల్ల మాట' అని." చెప్పడంలో దెప్పడం ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పి, మెల్లగా తలుపు వేసుకుంది.

లోపల ఎక్కడో కుళాయి తిప్పిన చప్పుడైంది. ఇంకో ఇంట్లో బిందె నిండుతోంది. ఇక ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడబుద్ధి కాలేదు ఆవిడకి.

వీధి చివర, ఇనప మూత కింద, వీధి మొత్తానికీ నీళ్లు వదిలే వాల్వు ఉంది. ఆ మూత పక్కకి లాగి, మోకాళ్ల మీద కూర్చుని, బురద పట్టిన చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. మొదట కదల్లేదు. చీర కొంగు చుట్టి, పళ్ల బిగువున తిప్పింది. కిర్రుమని తిరిగింది. బిగుసుకునేదాకా తిప్పింది. అరచేతులు రెండూ దోక్కుపోయాయి.

రెండు నిమిషాలు కాకముందే వీధిలో తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి.

"నీళ్లు ఆగిపోయాయేంటి?"

"ఆపేశారు! ఛీ, వీళ్ల బతుకు చెడ! బాగున్న నీళ్లు కూడా ఆపేశారు!"

టైలరు గజం బద్ద పట్టుకుని కొట్టులోంచి బయటికొచ్చాడు. మూత పక్కన బురదలో చతికిలబడ్డ కాగితమ్మని చూసి నానా తిట్లూ అందుకున్నాడు. అటు నుంచి ఇంకో నలుగురు తోడయ్యారు. కాగితమ్మ చక్రం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"తిట్టుకోండి," అంది. "ఎంతసేపైనా తిట్టుకోండి. నేనిక్కణ్ణించి లేవను."