కత్తిపీటకు చెల్లెలు

నిటారుగా నిలిచిన పదును ఎదుట ఆడదాన్ని జీవితమంతా కూర్చోబెట్టి, కందా పనసా అరటిపువ్వూ ఆమె ముందు కుప్పపోసిన లోకం, అదే చేతికి రంపం ఇవ్వవలసి వచ్చేసరికి "వేళ్ళు తెగుతాయమ్మా" అని ఎందుకు కంగారుపడుతుంది?

మండపేటలో రత్నమాణిక్యం ఈ ప్రశ్న మొదట భర్త ఉదయభాస్కర్‌ను అడిగింది. రైసుమిల్లులో గుమాస్తాలందరికీ జవాబు చెప్పే ఆ పెద్దమనిషి పేపరు తిరగేశాడు. తరవాత వడ్రంగి పోతురాజును అడిగింది. అతడు చెవిమీది పెన్సిలు సర్దుకుని ఇంటి దూలాలకేసి చూశాడు.

తగువు పాలవెల్లి దగ్గర మొదలైంది. వినాయక చవితినాడు దేవుడి తలమీదుగా వేలాడదీసి, పళ్ళూ కాయలూ కట్టే చెక్క చట్రం అది. ఆకాశానికి ప్రతిరూపమని పెద్దలంటారు. అనడం వరకే. పోతురాజు ఏటా బిగించి ఇచ్చేది మాత్రం అడ్డం నాలుగు, నిలువు నాలుగు బద్దల కిటికీ ఊచలు. మూలమట్టం పెట్టి గీసిన గీత ఆకాశంలో ఎక్కడుందో అతణ్ణి ఎవరూ అడగలేదు. రత్నమాణిక్యం అడిగింది. నడుమ విచ్చుకున్న కలువ, నాలుగు వైపులా దాన్ని చుట్టుకుపోయే తీగ కాగితం మీద గీసి అతని ముందు పరిచింది.

"పాలవెల్లంటే నలుచదరమేనండి అమ్మగారూ! ఈ వంకర్లన్నీ తిప్పాలంటే చవితి కాదు, వచ్చే దసరా కూడా దాటిపోద్దండి."

"అయితే నేనే కోసుకుంటాను" అంది రత్నమాణిక్యం.

గ్రంథాలయంలో తెచ్చుకున్న వడ్రంగం పుస్తకంలో ఒక బొమ్మ ఆమె నిద్ర చెడగొట్టింది. సన్నని బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ, చెక్కను చీర అంచులా ఒంపులు తిప్పి కోసే కరెంటు రంపం. జిగ్‌సా. ఆ మర్నాడే ఆమె అటకమీది పాత పాలవెల్లిని దింపి పక్కింటి లోవమ్మకు ఇచ్చేసింది. ఇచ్చింది వెనక్కి అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. చవితి వచ్చే వారమే. కలువ తెగకపోతే వినాయకుడి నెత్తిన ఉత్త కప్పే మిగులుతుంది, దానికింద నిలబడి ఊళ్ళోవాళ్ళు ఏమంటారో ఆమెకు అక్షరాలా తెలుసు.

మిషను కొనడానికి మగతోడు ఉండాలని ఉదయభాస్కర్ పోతురాజును వెంట పంపాడు. ఆడపడుచు నాగదుర్గ మాత్రం ఎవరూ పంపకుండానే బస్సెక్కింది.

"కరెంటు రంపం కొనడం నేను చూడాలి వదినా! పట్టిసీమ తీర్థానికి కూడా నాకింత హుషారు రాలేదు."

రాజమండ్రిలో దుకాణం యజమాని అప్పాజీ, ఎదురుగా నిలబడ్డ ఇద్దరాడవాళ్ళనూ దాటి పోతురాజును పలకరించాడు.

"ఏం కావాలండి?"

"నాక్కాదండి. అమ్మగారికండి."

"అయ్యగారు రాలేదాండి? మిషన్లంటే ఆయనొచ్చి చూసుకుంటే..."

"అయ్యగారికి మేకు దిగగొట్టడం రాదు" అంది రత్నమాణిక్యం. "జిగ్‌సా చూపించండి."

అప్పాజీ బల్లమీద అన్నిటికన్నా పెద్ద మిషను పెట్టాడు. అది తన శక్తినంతా ఒంటిమీదే రాసుకుని ఉంది. "ఎనిమిది వందల వాట్లండి. ఏనుగండీ ఇది. దుంగైనా కోసేద్ది."

"నేను దుంగ కొయ్యను. వేగం తగ్గించే చక్రం ఉందా? బ్లేడు మార్చాలంటే స్క్రూడ్రైవరు కావాలా, చేత్తో ఊడుతుందా? వైరు ఎంత పొడుగు? మా వసారాలో ప్లగ్గు నుంచి పెరటి అరుగుదాకా రావాలి."

అప్పాజీ ఒకసారి పోతురాజు వైపు చూశాడు. పోతురాజు చెవిమీది పెన్సిలు సర్దుకున్నాడు.

చెక్కముక్క తెచ్చారు. రత్నమాణిక్యం దానిమీద అర్ధచంద్రం గీసి మీట నొక్కింది. ఆ మోతకు ఆమె గుండె ఎగిరిపడింది. భయంతో కాదు, చిన్నతనంలో తొలిసారి లాంచీ ఎక్కినప్పుడు ఎగిరినట్టు. కాని ఏనుగు ఆమె మాట వినలేదు. పిడి పట్టి గీతవెంట తొయ్యబోతే ముక్కు ఇటు తిరిగింది, లాగితే అటు తిరిగింది. అర్ధచంద్రం మేక కొరికిన ఆకులా తెగింది. గీత పొడుగునా చెక్క పైముఖం పెచ్చులు లేచింది.

"గోంగూర కాదండి అమ్మగారూ" అన్నాడు పోతురాజు, నవ్వు మీసాల్లో దాచుకోబోయి.

అంతలో కరెంటు పోయింది.

"దేవుడే చెప్పాడమ్మా" అన్నాడు అప్పాజీ. "పోతురాజు చేత చేయించుకోండి. రెడీమేడ్ పాలవెల్లి కూడా ఉందండి మా దగ్గర, రంగు వేసింది."

"బస్సుకు టైముంది కదా వదినా, అలా గోదారి గట్టుకెళ్ళి..." నాగదుర్గ గొంతులో హుషారు చల్లారింది.

రత్నమాణిక్యం కదలలేదు. ఓడిపోయింది చెయ్యా, మిషనా? ఈ చెయ్యి పనసకాయను జిగురు అంటకుండా పొట్టు కొట్టింది. కందను కాగితమంత పల్చగా తరిగింది. ఎన్నడూ గీత తప్పని చెయ్యి ఇవాళ ఎందుకు తప్పింది? ఆమె అక్కడున్న పీటమీద కూర్చుంది. కరెంటు లేకపోయినా ప్లగ్గు లాగింది. ఏనుగును ఒళ్ళోకి తీసుకుని, తలకిందులుగా తిప్పింది.

చెక్కమీద ఆనే ఇనుప పాదం పైకొచ్చింది. దాని నడుమ నుంచి బ్లేడు నిటారుగా లేచింది.

"దుర్గా! ఇదేంటో చూడు."

నాగదుర్గ వంగి చూసింది. నోరు తెరిచింది. "కత్తిపీట!"

"అదీ సంగతి. మనం పుట్టాక ఎప్పుడైనా కత్తిని కూరమీదికి తోశామా? కత్తి కదలదు. కూర కదులుతుంది. నేనింతసేపూ కత్తిపీటను ఎత్తి వంకాయ మీద తిప్పుతున్నాను!"

ఆమె లేచి నిలబడింది. ఇక ఆమెకు ఏ మిషను కావాలో నీళ్ళంత తేటగా తెలిసింది. తలకిందులుగా బల్లకు బిగించాలి కనుక తేలికగా ఉండాలి. పాదానికి స్క్రూ పట్టే చిల్లులుండాలి. రెండు చేతులూ చెక్కమీద ఉండాలి కనుక, మీటను నొక్కి నిలిపివుంచే బొత్తాం ఉండాలి. ఏనుగుకు ఆ బొత్తాం లేదు. వాట్లు లెక్క చెప్పిన అప్పాజీకి ఆ సంగతి తట్టలేదు.

అద్దాల బీరువాలో వెనకవరసన, దుమ్ము కొట్టుకుని ఒక చిన్న మిషను ఉంది. పాదానికి చిల్లులూ, మీట పక్కన బొత్తామూ అద్దంలోంచే కనిపించాయి.

"అదండి" అంది.

"అది చిన్నపిల్లల మిషనండి!"

"తియ్యండి."

ప్లగ్గు పెట్టకుండానే అప్పాజీ చేతనే దాన్ని గుడ్డచుట్టి, బల్లకున్న వైసు ఇనుప దవడల మధ్య తలకిందులుగా బిగింపించింది. పోతురాజు రెండుసార్లు ఊపి చూశాడు. కదలలేదు. నలుగురూ కప్పువైపు చూస్తూ నిలబడ్డారు. ఆగివున్న ఫ్యాను మొదట ఒక రెక్క కదిపింది.

"వచ్చింది!" అని నాగదుర్గ అరిచింది.

రత్నమాణిక్యం కొంగు బిగించి నడుముకు దోపి, కాగితం నుంచి కలువరేకు ఒకటి చెక్కమీదికి దించుకుంది. ప్లగ్గు పెట్టింది, మీట నొక్కి బొత్తాంతో నిలిపింది, వేళ్ళు బ్లేడుకు దూరంగా పరిచి చెక్కను రెండు చేతులతో తిప్పింది. మోత సన్నబడి పాటైంది. ఒంపు మొదలైన చోట ఆమె భుజం తనంతట తానే వాలింది, మొన దగ్గర మణికట్టు తనంతట తానే తిరిగింది. పొట్టు కిందికి రాలింది. పెచ్చులు కూడా కిందివైపే లేచాయి, గీత ఉన్న ముఖం గాజులా నున్నగా మిగిలింది. రేకు ఊడి ఆమె అరచేతిలో పడింది.

"అమ్మబాబోయ్!" అంటూ నాగదుర్గ దాన్ని లాక్కుని వెలుతురుకు పెట్టి చూసింది.

పోతురాజు పెన్సిలు సర్దుకోలేదు. "అమ్మగారండీ, ఆ కాయితం ఓసారి ఇలా ఇవ్వండి" అన్నాడు మెల్లగా.

"గోంగూర కాదు పోతురాజూ, కలువ."

"ఆయ్. ఒప్పుకున్నానండి."

అప్పాజీ పెట్టె కట్టించి, గ్యారంటీ కార్డుమీద కలం పెట్టాడు. "అయ్యగారి పేరేంటండి?"

"రత్నమాణిక్యం."

"అయ్యగారిదండీ..."

"మిషను ఎవరు తిప్పుతారో వాళ్ళ పేరు రాయండి. చెడిపోతే మీ దుకాణం మెట్లెక్కేది నేను."

అతడు రాశాడు.

చవితి పొద్దున కలువ పాలవెల్లి దేవుడి తలమీద వేలాడింది. తీగ ఒంపు ఒంపునా వెలగకాయలు, జామకాయలు, మొక్కజొన్న పొత్తులు. చూడవచ్చినవాళ్ళు తలలెత్తి, నోళ్ళు తెరిచి, తేరుకుని, ఉదయభాస్కర్‌ను అడిగారు: "ఎవరిచేత చేయించారండీ?"

ఆయన పెరటి అరుగువైపు చెయ్యి చూపాడు. అక్కడ రెండు కత్తిపీటలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని ముందు పులిహోరకు పచ్చిమిరపకాయలు తరుగుతూ నాగదుర్గ. రెండోదానికి వసారాలోంచి నల్లటి వైరు వచ్చింది. దాని ముందు, లోవమ్మకిచ్చిన పాలవెల్లికి కొత్త తీగ కోస్తూ రత్నమాణిక్యం.

"వేళ్ళు జాగర్తమ్మా!" అన్నారు చూడవచ్చినవాళ్ళు. రత్నమాణిక్యానికే అన్నారు. నాగదుర్గకు ఎవరూ చెప్పలేదు.

మొదట అడిగిన ప్రశ్న అక్కడే ఉంది. మీ ఇంట్లోనూ కత్తిపీట ఉంది, దాని ముందు ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. జవాబుంటే ఆమె ముఖం చూసి చెప్పండి. లేకపోతే అడ్డు తప్పుకోండి.